రాత్రి పాళీ – చట్టం లెక్క, దేహగడియారం : ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతదేశంలో కర్మాగార చట్టాలు 1881 నుంచి కార్మికుడు ఎన్ని గంటలు పనిచేయాలో నిర్ణయిస్తూ వచ్చాయి. ఆ గంటలు రోజులో ఏ వేళవి అన్న ప్రశ్నను మాత్రం ప్రధానంగా బాలలు, స్త్రీల విషయంలోనే పట్టించుకున్నాయి. ఇంచుమించు ఇదే కాలంలో శరీరశాస్త్రం మరో దారిలో నడిచి, మనిషి దేహంలో పగటికీ రాత్రికీ వేర్వేరు స్థితులున్నాయనీ, ఒత్తిడి హార్మోన్లు సైతం ఆ లయకు లోబడి ఉంటాయనీ నిరూపించింది. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి చదవడం ఈ వ్యాస లక్ష్యం. రాత్రి పనిపై నిషేధమూ, ఆ నిషేధం తొలగింపూ రెండూ దేహగడియారాన్ని లెక్కలోకి తీసుకోకుండానే జరిగాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాత్రి పాళీ, ఫ్యాక్టరీల చట్టం, జీవగడియారం, కార్టిసాల్, మెలటోనిన్, స్త్రీశ్రమ, అంతర్జాతీయ కార్మిక సంస్థ.

1. ప్రవేశిక:

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 57వ సెక్షన్ చాలా చిన్నది. పరిశోధకులు దానిపై ఆగడం అరుదు. అర్ధరాత్రి దాటి సాగే పాళీలో పనిచేసే కార్మికునికి ‘మరుసటి రోజు’ ఎప్పుడు మొదలవుతుందో ఈ సెక్షన్ చెబుతుంది. పాళీ ముగిసిన క్షణం నుంచి 24 గంటల కాలాన్ని అతని మరుసటి రోజుగా భావించాలి. అర్ధరాత్రి తరవాత చేసిన పని గంటలను గడచిన రోజు ఖాతాలో వేయాలి. వారపు సెలవు కూడా పాళీ ముగిసినప్పటి నుంచి 24 గంటలుగా లెక్కకు వస్తుంది.

పరిపాలనాపరంగా ఇది అవసరమైన ఏర్పాటే. ఇది లేకపోతే రాత్రి పది గంటలకు పనిలోకి దిగి ఉదయం ఆరు గంటలకు బయటికి వచ్చే కార్మికుని హాజరు, అదనపు వేతనం, సెలవు లెక్కకు అందవు. అయితే ఈ సెక్షన్ వెనుక ఒక భావన ఉంది. రోజు అనేది ఎక్కడ మొదలుపెడితే అక్కడ మొదలయ్యే 24 గంటల పరిమాణం మాత్రమేనన్నది ఆ భావన. కార్మికుని దేహానికి కూడా రోజు అలాగే మొదలవుతుందా అన్న ప్రశ్న చట్టానికి తట్టలేదు. ఈ ప్రశ్నకు శాస్త్రం చెప్పిన సమాధానమేమిటి, ఆ సమాధానం చట్టానికి ఎంతవరకు చేరింది అన్నవి ఇక్కడ పరిశీలించవలసిన అంశాలు.

2. దీపం, మిల్లు, చట్టం (1881–1934):

భారతదేశంలో తొలి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదనీ, ఏడు నుంచి పన్నెండేళ్ల వారి చేత రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదనీ అది నిర్దేశించింది. వయోజనుల ఊసు అందులో లేదు. 1891 నాటి సవరణ స్త్రీలకు రోజుకు 11 గంటల పరిమితిని విధించింది. రాత్రి 8 గంటల నుంచి ఉదయం 5 గంటల వరకు స్త్రీలనూ బాలలనూ పనిలో ఉంచకూడదన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. అయితే ఆమోదం పొందిన పాళీల పద్ధతి ఉన్న చోట స్త్రీల విషయంలో మినహాయింపు ఇచ్చారు. ఆ విధంగా రాత్రి అనే కాలం మన కార్మిక చట్టంలోకి ఒక నిషేధ రూపంలో, ఒక మినహాయింపుతో ప్రవేశించింది.

వయోజన పురుషుని రాత్రి చర్చకు రావడానికి విద్యుద్దీపం కారణమైంది. అంతవరకు మిల్లు పని చాలావరకు సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్య సాగేది. 1905 ప్రాంతంలో బట్టల గిరాకీ పెరగడం, బొంబాయి మిల్లులలో విద్యుద్దీపాలు వెలగడం ఒకేసారి జరిగాయి. పని దినం 13 నుంచి 15 గంటల వరకు సాగింది. దీనిపై వచ్చిన ఆందోళన ఫలితంగా 1907లో ఏర్పడిన కర్మాగార కార్మిక కమిషన్ 1908లో నివేదిక సమర్పించింది. వయోజన పురుషుల పని గంటలను చట్టం ద్వారా నేరుగా పరిమితం చేయనవసరం లేదని కమిషన్‌లో అధిక సంఖ్యాకులు అభిప్రాయపడ్డారు. మద్రాసు వైద్యుడు డాక్టర్ టి.ఎం. నాయర్ ఒక్కరు దీనితో విభేదించి అసమ్మతి పత్రం రాశారు. తరవాతి కాలంలో జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరిగా ప్రసిద్ధి చెందిన నాయర్, వయోజనుల పని గంటలకు కూడా చట్టబద్ధమైన హద్దు ఉండాలని వాదించారు. కార్మికుని పని దినాన్ని దేహారోగ్యం వైపు నుంచి చూడవలసిందని ఒక వైద్యుడు ప్రభుత్వ కమిషన్‌లో నిలబడి చెప్పిన సందర్భంగా దీనిని గుర్తించాలి.

1911 చట్టం నాయర్ వాదానికి కొంతవరకు చోటిచ్చింది. బట్టల మిల్లులలో పురుషులకు 12 గంటల పరిమితి విధించి, సాయంత్రం 7 గంటల నుంచి ఉదయం 5.30 వరకు పనిని నిషేధించింది. అయితే ఇక్కడ కూడా పాళీల పద్ధతికి మినహాయింపు దక్కింది. ఫలితంగా, ఒకే కార్మికుడు పగలూ రాత్రీ పనిచేయకుండా ఉంటే చాలునన్న అవగాహన స్థిరపడింది. మనిషి మారితే యంత్రం ఆగనక్కరలేదు. 1922లో 11 గంటలు, 1934లో ఏడాది పొడవునా నడిచే కర్మాగారాలకు 10 గంటలు, 1948లో 9 గంటలు అంటూ పరిమాణం తగ్గుతూ వచ్చింది. గంటల సంఖ్య కోసం సాగిన ఈ పోరాటం గొప్పది. అయితే అందులో పగటి గంట, రాత్రి గంట ఒకే తూకం రాళ్లుగా మిగిలిపోయాయి.

3. దేహం చెప్పిన సాక్ష్యం (1904–1978):

రాత్రి మేలుకోవడం దేహానికి మంచిది కాదన్న అవగాహన ప్రాచీనమైనదే. రాత్రి జాగరణ దేహంలో రూక్షత్వాన్నీ, పగటి నిద్ర స్నిగ్ధత్వాన్నీ పెంచుతాయని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. జాగరణకూ పగటి నిద్రకూ దేహంపై వేర్వేరు ఫలితాలున్నాయన్న గ్రహింపు ఇందులో ఉంది. అయితే కారణాన్ని కొలిచి చూపడానికి ఆధునిక ప్రయోగశాల అవసరమైంది.

1729లో ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త డి మెరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచి, వెలుగు లేకున్నా దాని ఆకులు పగటి వేళ విచ్చుకోవడం గమనించాడు. మనిషి విషయంలో రాత్రి పనివారినే పరిశీలనకు ఎంచుకున్న తొలి శాస్త్రవేత్తలలో అమెరికాకు చెందిన ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ ఒకరు. 1904లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన రాత్రి పనివారి శరీర ఉష్ణోగ్రతను నమోదు చేశాడు. ఉష్ణోగ్రత సాయంత్రం హెచ్చుగానూ తెల్లవారుజామున తక్కువగానూ ఉండడం సహజం. దినచర్య తలకిందులైనా ఈ లయ తలకిందులు కాలేదని బెనెడిక్ట్ గమనించాడు. అంటే బొంబాయి మిల్లులలో విద్యుద్దీపాలపై వివాదం చెలరేగుతున్న రోజులకే, దీపం వెలిగించినంత మాత్రాన దేహంలో తెల్లవారదని తెలిపే ఆధారం ఒకటి అచ్చులో ఉంది.

1938 వేసవిలో నిద్రాశాస్త్రవేత్త నథానియల్ క్లైట్‌మన్, తన సహాయకుడు బ్రూస్ రిచర్డ్‌సన్‌తో కలిసి అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు గడిపాడు. వారు పాటించిన ‘రోజు’కు 28 గంటలు. యువకుడైన రిచర్డ్‌సన్ దేహ ఉష్ణోగ్రత కొత్త లయకు చాలావరకు అలవాటుపడింది. నలభై దాటిన క్లైట్‌మన్ దేహం మాత్రం 24 గంటల లయనే పట్టుకుని కూర్చుంది. ఈ ప్రయోగంలో పాల్గొన్నవారు ఇద్దరే అయినా రెండు అంశాలు స్పష్టమయ్యాయి. దేహపు రోజును ఇష్టం వచ్చినట్టు మార్చడం సాధ్యం కాదు. ఆ మార్పును తట్టుకునే శక్తి కూడా అందరికీ సమానంగా ఉండదు. పది సంవత్సరాల తరవాత వచ్చిన 57వ సెక్షన్‌కు ఈ రెండింటిలో ఏదీ తెలిసిన ఆనవాలు లేదు.

ఒత్తిడి హార్మోన్ల చరిత్ర ఈ దశలోనే కలుస్తుంది. 1936లో హాన్స్ సెల్యే, భిన్నమైన హానికర కారకాలు దేహంలో ఒకే విధమైన ప్రతిస్పందనను పుట్టిస్తాయని ప్రకటించాడు. అందులో అడ్రినల్ గ్రంథుల పాత్ర కీలకమైనది. ఆ గ్రంథుల హార్మోన్లపై చేసిన కృషికి కెండల్, రైక్‌స్టైన్, హెంచ్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది. ఈ గ్రంథులకు సంబంధించిన స్టిరాయిడ్ పదార్థాలు యువకుల మూత్రంలో పగలు ఒక తీరుగా, రాత్రి మరో తీరుగా ఉంటాయని గ్రెగరీ పింకస్ 1943లోనే చూపాడు. 1971లో వైట్స్‌మన్ బృందం రోజంతా రక్త నమూనాలు సేకరించి, కార్టిసాల్ విడతలు విడతలుగా విడుదలవుతుందనీ, నిద్ర చివరి భాగంలోనూ మేలుకునే వేళకూ అది హెచ్చుతుందనీ, నిద్ర మొదటి గంటలలో అతి తక్కువగా ఉంటుందనీ తెలిపింది.

దీని అర్థం గమనించదగినది. కార్టిసాల్‌ను సాధారణంగా ఒత్తిడికి పుట్టే హార్మోను అంటారు. అయితే అది ప్రతి తెల్లవారుజామున, ఏ ఆపదా లేకుండానే, దేహాన్ని పగటి పనికి సిద్ధం చేయడానికి పెరుగుతుంది. రాత్రి పాళీ కార్మికుడు అత్యంత శ్రద్ధ చూపవలసిన నడిరాత్రి వేళకు ఈ హార్మోను అడుగంటి ఉంటుంది. పని ముగించుకుని నిద్రకు ఉపక్రమించే ఉదయానికి అది శిఖరం చేరుతుంది. పనివేళకు సన్నద్ధత లోపించడం, నిద్రవేళకు సన్నద్ధత ముంచుకురావడం అన్న ఈ విలోమ స్థితిలోనే రాత్రి పాళీ అలసట మూలం ఉంది. 1970లలో స్టాక్‌హోమ్‌లో లెన్నార్ట్ లెవి, టోర్బ్యోర్న్ ఆకెర్‌స్టెట్ జరిపిన పరిశోధనలు, వరుసగా రాత్రి పని చేసినా అడ్రినలిన్ లయ పూర్తిగా తలకిందులు కాదని చూపాయి. సెల్యే వర్ణించిన ఒత్తిడి బయటి నుంచి వచ్చి పడేది. రాత్రి పాళీలో ఒత్తిడికి, పనిభారంతోపాటు దేహగడియారానికీ గోడగడియారానికీ మధ్య పొత్తు కుదరకపోవడం కూడా ఒక కారణం.

4. గడియారం చిరునామా:

ఈ లయలకు కేంద్రం ఎక్కడ ఉందో 1972లో తేలింది. మెదడులోని హైపోథాలమస్‌లో, కంటి నరాలు కలిసే చోటికి పైన ఉన్న సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే చిన్న కణసముదాయాన్ని తొలగిస్తే ఎలుకలలో దైనందిన లయలు చెదిరిపోతాయని రెండు పరిశోధక బృందాలు విడివిడిగా నిరూపించాయి. అంతకు ఏడాది ముందు కోనోప్కా, బెంజర్ పండ్ల ఈగలలో లయను నిర్దేశించే ‘పీరియడ్’ జన్యువును గుర్తించారు. దాని పనితీరును వివరించిన హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. భారతదేశంలో ఎం.కె. చంద్రశేఖరన్ నాయకత్వాన మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం ఈ శాస్త్రానికి ముఖ్య కేంద్రంగా ఎదిగింది.

ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది వెలుగు. చీకటి పడ్డాక పీనియల్ గ్రంథి విడుదల చేసే మెలటోనిన్‌ను ఆరన్ లెర్నర్ బృందం 1958లో వేరుచేసింది. ప్రకాశవంతమైన దీపకాంతి మనుషులలో ఈ హార్మోనును అణచివేస్తుందని 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం చూపింది. దీనివల్ల రాత్రి పాళీ చిక్కు మరింత స్పష్టమైంది. రాత్రంతా దీపకాంతి మెలటోనిన్‌ను తగ్గిస్తుంది. ఉదయం ఇంటికి వెళ్లే దారిలో ఎండ కంటపడి, గడియారం మళ్లీ పగటి లయకే కట్టుబడుతుంది. సెలవు రోజున కుటుంబంతోపాటు పగలు మేలుకుంటే, అంతవరకు జరిగిన కొద్దిపాటి సర్దుబాటు కూడా చెదిరిపోతుంది. వారానికో పాళీ మారే చోట దేహం ఏ ఒక్క లయకూ కుదురుకోదు.

1990లో చార్లెస్ సైస్లర్ బృందం ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ముఖ్యమైనది. రాత్రి వేళ 7,000 నుంచి 12,000 లక్స్ వరకు తీవ్రమైన వెలుగు, పగలు నిద్రకు దాదాపు కటిక చీకటి కల్పించినప్పుడు కొద్ది రోజుల్లోనే శరీర ఉష్ణోగ్రత, కార్టిసాల్ లయలు రాత్రి పనికి అనుగుణంగా జరిగాయి. సాధారణ వెలుగులో పనిచేసి ఇంటికి వెళ్లినవారిలో అలా జరగలేదు. ‘అలవాటైతే అదే సర్దుకుంటుంది’ అన్న లోకోక్తికి ఈ ప్రయోగం ఒక షరతు విధించింది. దేహం సర్దుకోవాలంటే మనోబలం చాలదు. వెలుగు, చీకటి, నిద్రకు తగిన గది కావాలి. ఇరుకింట్లో, పగటి చప్పుళ్ల మధ్య, రేకుల కప్పు కింద పడుకునే కార్మికునికి ఆ షరతు నెరవేరడం కష్టం. కాబట్టి రాత్రి పాళీ భారం వర్గాన్ని బట్టి కూడా మారుతుంది.

5. దాదుల రాత్రులు, వ్యాధుల లెక్క:

దీర్ఘకాలిక ఫలితాలపై ఆధారాలు 1980ల నుంచి పోగయ్యాయి. స్వీడన్‌లోని ఒక కాగితపు మిల్లు కార్మికులను 15 ఏళ్లపాటు పరిశీలించిన క్నుట్సన్ బృందం, పాళీ పనికీ గుండెజబ్బుకూ సంబంధం ఉందని 1986లో తెలిపింది. అమెరికా నర్సులపై జరిగిన విస్తృత అధ్యయనంలో, ఆరు సంవత్సరాలు లేదా అంతకు మించి మారుతుండే రాత్రి పాళీలలో పనిచేసినవారికి గుండెజబ్బు ముప్పు, ఎన్నడూ అలా పనిచేయనివారితో పోల్చితే, 1.51 రెట్లని 1995లో వెల్లడైంది. 30 ఏళ్లు లేదా అంతకు మించి పనిచేసినవారిలో రొమ్ము క్యాన్సర్ ముప్పు 1.36 రెట్లని అదే అధ్యయనం ఆధారంగా 2001లో ప్రకటించారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో దేహలయను చెదరగొట్టే పాళీ పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న 2ఏ వర్గంలో చేర్చి, 2019లో ఆ నిర్ణయాన్ని మరోసారి నిలబెట్టింది. మనుషులపై లభించిన ఆధారాలు పరిమితమైనవేనని కూడా ఆ సంస్థ పేర్కొంది. తరవాతి అధ్యయనాలు కొన్ని ఈ సంబంధాన్ని బలపరచలేదు. కాబట్టి దీనిని తుది తీర్పుగా గాక బలమైన హెచ్చరికగా స్వీకరించడం సమంజసం.

ఈ ఆధారాలలో ముఖ్యమైన భాగం నర్సుల నుంచి రావడంలో ఒక చారిత్రక వైపరీత్యం ఉంది. స్త్రీల రాత్రి పనిని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందాలు 1906లో బెర్న్‌లోనూ, 1919లో వాషింగ్టన్‌లోనూ కుదిరాయి. 1919 ఒప్పందాన్ని భారతదేశం 1921లో, దాని సవరించిన రూపమైన 1948 ఒప్పందాన్ని 1950లో ఆమోదించింది. ఆ 1948 ఒప్పందమే శారీరక శ్రమ ప్రధానం కాని ఆరోగ్య, సంక్షేమ సేవలలోని స్త్రీలను తన పరిధి నుంచి మినహాయించింది. మరమగ్గం వద్ద స్త్రీకి ప్రమాదకరమైన రాత్రి, రోగి మంచం పక్కన ప్రమాదకరం కాకుండా పోయింది. నిషేధానికి ప్రాతిపదిక దేహారోగ్యమే అయితే ఈ భేదానికి తావు లేదు. దాని వెనుక ఉన్నవి ఇల్లు, శీలం, సేవ అన్న భావాలు.

6. సమానత్వం తెరిచిన రాత్రి:

1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ప్రకారం స్త్రీలు ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే కర్మాగారాలలో పనిచేయవలసి ఉండేది. ప్రభుత్వం ఈ వేళలను సడలించే వీలుండేది కానీ రాత్రి 10 నుంచి ఉదయం 5 మధ్య అనుమతించే వీలు లేదు. ఈ నిబంధన రాజ్యాంగంలోని సమానత్వ హక్కులకు విరుద్ధమని 2000లో మద్రాసు హైకోర్టు వసంత కేసులోనూ, ఆ తరవాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు త్రివేణి కేసులోనూ తీర్పు చెప్పాయి. ఉపాధిని దూరం చేసే రక్షణ రక్షణ కాదన్న ఆ తర్కం న్యాయమైనది. అదే కాలంలో హైదరాబాదులో సమాచార సాంకేతిక రంగం విస్తరించింది. అమెరికా పగటికి తగినట్టు ఇక్కడి రాత్రి మేలుకోవడం వేలాది స్త్రీపురుషుల జీవనవిధానమైంది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 43వ సెక్షన్, స్త్రీలు తమ సమ్మతితో ఉదయం 6కు ముందు, సాయంత్రం 7 తరవాత కూడా పనిచేయవచ్చని చెబుతుంది.

నిషేధం పోయిన చోట వచ్చిన షరతులను పరిశీలిస్తే, అవి సమ్మతి, రవాణా, వెలుతురు, లైంగిక వేధింపుల నివారణ, సమూహంగా పని వంటివి. ఇవన్నీ అవసరమైనవే. అయితే ఇవి కార్యాలయానికి రాకపోకల మధ్య స్త్రీ భద్రతను కాపాడతాయి. పాళీలు ఎంత తరచుగా మారవచ్చు, వరుసగా ఎన్ని రాత్రులు పనిచేయవచ్చు అన్నవాటి జోలికి పోవు. పురుషుల విషయంలో ఆ మాత్రపు షరతులు కూడా లేవు. 57వ సెక్షన్ లెక్కను కొత్త కోడ్ సైతం కొనసాగించింది. నిర్దేశిత వయసు, తరగతులవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష జరపాలని కోడ్ చెప్పడం ఆహ్వానించదగినదే. కానీ రాత్రి పనిని అది ఆ పరీక్షకు ప్రత్యేక కారణంగా పేర్కొనలేదు.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. 1990లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ 171వ ఒప్పందాన్ని ఆమోదించింది. స్త్రీపురుష భేదం లేకుండా రాత్రి పనివారందరినీ అది పరిగణించింది. రాత్రి పనిలో చేరే ముందూ, తరవాత క్రమానుసారంగానూ కోరినవారికి ఉచిత ఆరోగ్య పరీక్ష, ఆరోగ్య కారణాలపై రాత్రి పనికి తగరని తేలినవారికి వీలైనంతవరకు సమానమైన మరో పని, గర్భిణులకు, బాలింతలకు ప్రత్యామ్నాయం అందులోని ముఖ్యాంశాలు. 1993 నాటి ఐరోపా పనివేళల ఆదేశం కూడా ఇదే మార్గంలో నడిచింది. 1919, 1948 నాటి నిషేధ ఒప్పందాలను ఆమోదించిన భారతదేశం ఈ 171వ ఒప్పందాన్ని ఆమోదించలేదు.

7. ముగింపు:

• 1891 నుంచి 1948 వరకు భారతీయ కర్మాగార చట్టాలలో రాత్రి రెండు రూపాలలో కనిపిస్తుంది. స్త్రీబాలలకు అది నిషిద్ధ కాలం. పురుషులకు అది పాళీల లెక్కలో ఒక భాగం.

• రాత్రి పనికి దేహం అంత సులువుగా లొంగదన్న ఆధారం 1904 నాటికే ఉంది. కార్టిసాల్, అడ్రినలిన్, మెలటోనిన్ లయలపై 1943–1990 మధ్య జరిగిన పరిశోధన దాని కారణాలను వివరించింది.

• నిషేధం శీలభావన మీద నిలిచింది. దాని తొలగింపు సమానత్వం మీద నిలిచింది. రెండు సందర్భాలలోనూ దేహగడియారం కక్షిదారు కాలేదు.

• సమానత్వాన్నీ ఆరోగ్యాన్నీ ఎదురెదురుగా నిలపనవసరం లేదు. రాత్రి పనివారందరికీ ఆరోగ్య పరీక్ష, పాళీల మార్పుపై పరిమితి, పగటి పనికి మారే హక్కు కల్పించడం ద్వారా ఆ రెంటినీ కలిపి సాధించవచ్చు.

• గనులు, ఆస్పత్రులు, ఉక్కు కర్మాగారాలు, సమాచార సాంకేతిక సంస్థలలో పనిచేసే తెలుగువారి రాత్రి పాళీ అనుభవాలను మౌఖిక చరిత్రగా సేకరించి, ఈ చట్టాల చరిత్రతో పోల్చి చూడడం తదుపరి పరిశోధనకు మంచి క్షేత్రం. పాళీ దిగిన కార్మికునికి ఉదయం ఆరింటికి కొత్త రోజు మొదలైనట్టు చట్టం రాసుకుంది. అతని దేహం ఆ లెక్కకు ఒప్పుకుందో లేదో ఆ అనుభవాలే చెప్పగలవు.